మెయిన్ ఆపిన రాత్రి

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ గాలి ఎలా వీచిందో, కైలాసగిరి మీది పచ్చదనం ఏమైపోయిందో చాలామంది రాశారు. నేను చెప్పబోయేది మర్నాటి సంగతి. అప్పుడు మాది నాలుగో అంతస్తు. కిటికీ అద్దాలు పగిలి గదుల్లోకి వాన కొట్టింది. అంతకు మించి ఇంటికేమీ కాలేదు. ప్రాణాలతో బయటపడ్డాం, ఇక గండం గడిచిందనుకున్నాం. సోమవారం పొద్దున కుళాయి ధార సన్నబడింది. మధ్యాహ్నానికి ఆగిపోయింది. కింద సంపులో నీళ్ళు నిండుగా ఉన్నాయి. మోటారు ఆడాలంటే కరెంటు కావాలి. కరెంటు స్తంభాలు వీధి పొడుగునా పడి ఉన్నాయి.

సంపులోంచి తోడుకుందామంటే తాడు లేదు. ఇరవై వాటాల అపార్ట్‌మెంటులో ఒక్కరింట్లో కూడా చేంతాడు లేదు. ఎవరో బట్టలారేసే నైలాను తాడు విప్పి తెచ్చారు. దాన్ని బకెట్టుకి కట్టి వదిలితే బకెట్టు నీటి మీద తేలుతోంది గానీ మునగడం లేదు. అప్పుడు మా వాచ్‌మన్ భార్య వచ్చింది. ముడి మార్చి కట్టి, మణికట్టుతో ఒక్క విసురు విసిరి బకెట్టుని పక్కకి ఒరిగించి ముంచింది. పల్లెలో చిన్నప్పుడు నూతిలో తోడిన చెయ్యి అది. ఆమె తోడుతుంటే మేమంతా మెట్ల మీద వరసగా నిలబడి బకెట్లు అందించుకున్నాం. వాళ్ళుండే రేకుల గదికి పైకప్పు ఎగిరిపోయిందని మాకు సాయంత్రం గానీ తెలియలేదు.

ఈ అధ్యాయంలో రాయబోయేదంతా ఆ సంపు పక్కన నిలబడి నేర్చుకున్నదే. తుపాను వస్తుందని వాతావరణశాఖ రోజుల ముందే చెప్పింది. నేను బ్రెడ్డు, బిస్కెట్లు, కొవ్వొత్తులు కొన్నాను. కొనాల్సినవన్నీ కొన్నాననే అనుకున్నాను. ఇంట్లో ఏది దేని మీద ఆధారపడి నడుస్తోందో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. కరెంటు పోతే దీపం పోతుందని అందరికీ తెలుసు. దాంతోపాటు మోటారు పోతుంది, మోటారుతో నీళ్ళు, నీళ్ళతో మరుగుదొడ్డి. మంచినీళ్ళ ఆర్‌వో మిషను కూడా కరెంటుదే, సంపులో నీళ్ళున్నా తాగడానికి ఉండవు. టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే ఆడతాయి. ఆ తర్వాత డీజిలు పొయ్యాలి. డీజిలు లారీ రావాలంటే రోడ్డు మీద పడ్డ చెట్టు తియ్యాలి. ఆ వారం ఏటీఎంలు పని చెయ్యలేదు, పెట్రోలు బంకుల దగ్గర వరసలు కిలోమీటర్ల కొద్దీ సాగాయి, ఒక పాల ప్యాకెట్టు నేను 50 రూపాయలకి కొన్నాను. అప్పటికి ఫోన్లో డబ్బు పంపడం మనకింకా అలవాటు కాలేదు. ఇప్పుడైతే టవరు ఆగిన క్షణం జేబు కూడా ఖాళీ అయినట్టే.

అందుకే సరుకుల జాబితా రాసుకునే ముందు మీ ఇంట్లో ఒక పని చెయ్యమంటాను. ఒక శనివారం సాయంత్రం ఆరింటికి మెయిన్ స్విచ్ ఆపండి. ఆదివారం మధ్యాహ్నం దాకా మళ్ళీ వెయ్యకండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే వాల్వు కూడా కట్టెయ్యండి. ఫోన్లలో డేటా ఆపండి. ఆ పూట ఏం కొన్నా నోట్లతోనే కొనండి. ముందుగా ఏదీ సర్దుకోకండి, కొత్త టార్చి కొనకండి. ఇల్లు ఇప్పుడు ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి. ఇంట్లో ఆక్సిజన్ మిషను మీద ఉన్నవాళ్ళుంటే మాత్రం ఇది వద్దే వద్దు. పసిపిల్లలు, మంచాన ఉన్న పెద్దవాళ్ళు ఉంటే రెండు మూడు గంటలు చాలు. ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకుని, తడుముకున్నప్పుడల్లా టైముతో సహా రాసుకోండి.

మేము మొదటిసారి చేసినప్పుడు రాసుకున్నవి కొన్ని చెబుతాను. ఆరున్నరకి అగ్గిపెట్టె కోసం వెతికాం, దేవుడి దగ్గరా అమ్మ దగ్గరా తప్ప ఇంట్లో ఎక్కడా లేదు. టార్చిలో సెల్లులు కారి తుప్పు పట్టి ఉన్నాయి. పవర్‌బ్యాంకులో చార్జి లేదు. తొమ్మిదికి అమ్మ బీపీ మాత్రల అట్టలో రెండే మిగిలాయని బయటపడింది. రాత్రి మా అబ్బాయిని, ‘నీ ఫోను పోతే నాకెలా చేస్తావురా?’ అని అడిగాను. నా నంబరు వాడికి నోటికి రాదు. నాకు వాడిదీ రాదు. పొద్దున్నే ఇడ్లీకి పచ్చడి లేదు, మిక్సీ ఆడదు కదా. రోలు అమ్మేసి పదేళ్ళయింది. పాలబ్బాయికి ఇవ్వడానికి చిల్లర లేదు. మధ్యాహ్నం మెయిన్ వేసేసరికి పుస్తకంలో ఇరవై మూడు పంక్తులున్నాయి. వాటిలో సగం వంద రూపాయలు కూడా ఖర్చు లేనివి. మీ ఇంటికి ఏం కావాలో మీ పుస్తకం చెప్పినంత బాగా ఏ జాబితా చెప్పలేదు. ఈ కింద నేను రాసేవి ఆ పుస్తకానికి తోడుగా చదవండి.

నీళ్ళు

అన్నిటికన్నా ముందు నీళ్ళు. మనిషికి తాగడానికి, వండుకోవడానికి రోజుకి ఐదు లీటర్లు లెక్క వెయ్యండి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకి అరవై లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. క్యాను అయిపోయాక కొత్తది తెప్పించే అలవాటు మానండి. మూడు నిండుగా ఉండగా నాలుగోది వాడండి. వాడకానికి, మరుగుదొడ్డికి మనిషికి మరో పది లీటర్లు తక్కువలో తక్కువ. మూడు రోజులకి 120 లీటర్లు. బాత్‌రూములోనో బాల్కనీలోనో మూత బిగువుగా ఉన్న ఒక డ్రమ్ము ఉంటే చాలు. మూత గురించి గట్టిగా చెబుతున్నాను. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మంచినీటి నిలవల్లోనే. వారానికోసారి ఆ నీళ్ళు మొక్కలకి పోసి డ్రమ్ము తోమి మళ్ళీ నింపండి. ఫ్లష్ నొక్కితే ఒక్కసారికి ఆరు నుంచి పది లీటర్లు పోతాయి. అలాంటి రోజుల్లో ఫ్లష్ ముట్టుకోకుండా, గిన్నెలు కడిగిన నీళ్ళు సగం బకెట్టు పట్టుకెళితే సరిపోతుంది.

వరద నీళ్ళు తప్ప దిక్కు లేనప్పుడు మన కృష్ణా గోదావరి తీరాల వాళ్ళు చిల్లగింజ అరగదీసి బురదనీటిని తేర్చుకునేవాళ్ళు. అది నిజంగా పనిచేస్తుంది, మట్టి అడుక్కి దిగుతుంది. కానీ తేరిన నీరు శుభ్రమైన నీరు కాదు, రోగాన్ని చంపే శక్తి చిల్లగింజకి లేదు. గుడ్డలో వడకట్టి, తెర్లి పొంగే దాకా మరిగించి, ఆ పొంగు మీద కనీసం ఒక నిమిషం ఉంచాలి. గ్యాసు పొదుపు చెయ్యాలంటే క్లోరిన్ బిళ్ళలు ఇంట్లో పెట్టుకోండి, ఎన్ని లీటర్లకి ఎన్ని బిళ్ళలో అట్ట మీద రాసి ఉంటుంది. విరేచనాలు పట్టుకుంటే, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లేకపోతే, లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే చిన్న టీ చెంచా, తల కొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసివాళ్ళకి ప్రమాదం. ఈ కొలతని కాగితం మీద రాసి వంటింటి తలుపు లోపలివైపు అంటించండి, చీకట్లో గుర్తు చేసుకోవడం కష్టం.

అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళు సంఘం సమావేశంలో రెండు ప్రశ్నలు అడగండి. జనరేటరు మోటారుకి కూడా పనిచేస్తుందా, లేక లిఫ్టుకీ మెట్ల లైట్లకేనా? డీజిలు ఎన్ని గంటలకి సరిపడా ఉంది? మా సంఘంలో మొదటి ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి లేడు. తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపిస్తే, మోటారుకి లైను వెయ్యనే లేదని తేలింది. రోజుకి అరగంట మోటారు ఆడితే ఇరవై కుటుంబాలు మెట్లెక్కే పని తప్పేది.

మందులు

తిండి రెండు పూటలు లేకపోయినా మనిషి తట్టుకుంటాడు. ఫిట్స్ మందు, గుండె మందు, ఇన్సులిన్ రెండు పూటలు తప్పితే తట్టుకోలేకపోవచ్చు. రోజూ వేసుకునే ఏ మందైనా చివరి పదిహేను రోజుల అట్ట తెరిచిన రోజే కొత్తది కొనెయ్యండి. పాతది ముందు, కొత్తది వెనక. చీటీ ఫొటో కాదు, కాగితం మీద జిరాక్సు తీసి మందుల డబ్బాలోనే పెట్టండి.

ఇన్సులిన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కరెంటు పోగానే చాలామంది భయపడి దాన్ని ఐసుగడ్డ మీద పెడతారు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా మామూలుగా నాలుగు వారాల దాకా గది వేడిలో ఉండగలదు, అయితే ఆ గది 30 డిగ్రీలు దాటకూడదు. మన ఎండల్లో దాటుతుంది. పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, నీళ్ళు తగలకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టిన సీసాని దానిలో ఉంచి తడిగుడ్డ కప్పండి. నీడలో, గాలి ఆడే చోట పెట్టాలి. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు గానీ బయటి వేడి కన్నా బాగా తగ్గుతుంది. మీరు వాడే రకానికి ఎన్నాళ్ళు చెల్లుతుందో ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడే అడిగి రాసుకోండి.

తిండి, పొయ్యి, దీపం

మా అమ్మది అవనిగడ్డ వైపు పల్లె. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన మనిషి. ఇప్పటికీ ఆమె అగ్గిపెట్టెని మూత బిగించిన గాజుసీసాలో పెడుతుంది. అటక మీద ఒక డబ్బాలో అటుకులు, బెల్లం, వేయించిన శనగపప్పు ఎప్పుడూ ఉంటాయి. ఎండాకాలంలో చింతపండు గింజ తీసి, మిరపకాయలు ఎండబెట్టి, కందిపప్పుకి ఆముదం రాసి, బియ్యంలో వేపాకు కలిపి ఏడాది సరుకు చేసుకున్న తరం వాళ్ళది. గాదెలూ గోలేలూ మళ్ళీ తెచ్చుకొమ్మని నేననను, ఫ్లాటులో చోటు లేదు. కానీ ఆ లెక్క మనకి పనికొస్తుంది. ఏడాది కాకపోయినా ఇల్లు పది రోజులు ముందు నడవాలి. నెలసరుకు అయిపోయాక కొనడం మాని పది రోజులది మిగిలి ఉండగా కొంటే, ఖర్చు ఆ మొదటి నెల ఒక్కసారే పెరుగుతుంది. ఆ తర్వాత ఎప్పటిలాగే ఉంటుంది.

ప్రశాంతంగా ఉన్న రోజుల్లో కొనాలనడంలో ఇంకో అర్థం ఉంది. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి లాక్‌డౌన్ ప్రకటించారు, అర్ధరాత్రి నుంచి అమలు. ఆ నాలుగు గంటల్లో కొట్ల ముందు ఎంత తోపులాట జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మనం తీసుకునే మూడో నూనె ప్యాకెట్టు, కూలి డబ్బులు చేతికొచ్చాక ఆలస్యంగా వచ్చిన మనిషికి అందాల్సినది. మామూలు మంగళవారం నాడు తీసుకుంటే ఎవరి నోటి దగ్గరదీ కాదు. ముందే సర్దుకున్న ఇల్లు ఆ రాత్రి వరసలోంచి తప్పుకుంటుంది, ఆ మేరకు ఇంకొకరికి చోటిస్తుంది.

ఏం పెట్టుకోవాలనేది మీ ఇంటి నాలుక నిర్ణయించాలి. ఎవరూ తినని సూపు ప్యాకెట్లు కొంటే అవి గడువు దాటి చెత్తబుట్టలో పడతాయి. పొయ్యి అక్కర్లేనివి కొన్ని ఉండాలి: అటుకులు, మరమరాలు, సత్తుపిండి, వేరుశనగలు, ఖర్జూరం. అన్నంలోకి కందిపొడి, ఆవకాయ ఉంటే కూర లేని రోజు గడుస్తుంది. పళ్ళు లేని పెద్దలకి, పాలు తాగే పసివాళ్ళకి ఏం పెడతారో వేరే ఆలోచించండి. పాలపొడి డబ్బా ఒకటి ప్రతి ఇంట్లో ఉండాల్సిందే.

గ్యాసు రెండు సిలిండర్లు ఉన్నవాళ్ళు ఒకటి ఖాళీ అయిన రోజే బుక్ చెయ్యాలి. ఒక్కటే ఉన్నవాళ్ళకి ఐదు కిలోల చిన్నది అండగా ఉంటుంది. పప్పు నానబెట్టి కుక్కరులో పెట్టి, రెండు కూతలకి కట్టేసి ఆవిరి మీద మగ్గనిస్తే గ్యాసు చాలా మిగులుతుంది. కుంపటి రాజేస్తే మాత్రం తలుపులు తీసి ఉంచండి, వాన పడుతోందని మూసిన గదిలోకి తేకండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇన్వర్టరు ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళకి ఒక చిన్న లెక్క. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో పేరుకి 1800 వాట్-అవర్ల శక్తి. నష్టాలు, బ్యాటరీ వయసు తీసేస్తే చేతికొచ్చేది సుమారు 1100. పాతరకం ఫ్యాను 75 వాట్లు, ఎల్‌ఈడీ దీపం 9 వాట్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు వేస్తే ఆరు గంటల్లో చీకటి. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లే తీసుకుంటుంది. అలాంటిది ఒక్కటి, దీపం ఒక్కటి పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకుంటే అదే బ్యాటరీ మూడు రాత్రులు వస్తుంది. మొదటి సాయంత్రమే ఈ నిర్ణయం తీసుకోవాలి, బ్యాటరీ సగం అయిపోయాక తీసుకుంటే ఫలితం లేదు. రెండు సెల్లులతో పాడే చిన్న రేడియో ఒకటి కొనండి. టవర్లు లేని రోజున ఊళ్ళో ఏం జరుగుతోందో చెప్పేది అదొక్కటే.

డబ్బు గురించి ఎక్కువ రాయను. వారం రోజుల పాలు, కూరగాయలు, మందులు, ఆటో ఖర్చులకి సరిపడా నోట్లు ఇంట్లో ఉండాలి. అవి పది, ఇరవై, యాభై, వంద నోట్లే కావాలి. 2016 నవంబరు 8 తర్వాత రెండువేల నోటు చేతిలో పట్టుకుని చిల్లర దొరక్క తిరిగినవాళ్ళకి కారణం చెప్పక్కర్లేదు.

కింది వాటాలో ఉండేవాళ్ళకి

ఇంతవరకూ చెప్పింది కరెంటు పోయిన ఇంటికి. నీళ్ళు ఇంట్లోకి వచ్చే చోట లెక్క మారుతుంది. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ నీట మునిగాయి. పడవలతో, ఆఖరికి డ్రోన్లతో కూడా అన్నం పొట్లాలు, నీళ్ళు అందించాల్సి వచ్చింది. అక్కడ సంచుల కొద్దీ బియ్యం ఉన్నవాళ్ళకీ అన్నం లేదు, బియ్యం నీళ్ళలో ఉంది. కింది వాటా అయితే నిలవ చేసుకున్నది అటక మీద ఉండాలి. పట్టా కాగితాలు, రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్లు రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో, ఒంటి చేత్తో అందుకునే ఎత్తులో. డిజిలాకరులో పెట్టుకోవడం మంచిదే, కానీ అసలు కాగితం తడిస్తే తిరగాల్సిన ఆఫీసులు తిరగక తప్పదు.

గుమ్మం దాకా నీళ్ళొస్తే మెయిన్ ఆపెయ్యండి, గ్యాసు రెగ్యులేటరు కట్టెయ్యండి, ఖాళీ సిలిండరు తేలిపోకుండా కట్టి పెట్టండి. నీళ్ళు తీశాక తడిసిన స్విచ్ మీద చెయ్యి వెయ్యకండి, ఎలక్ట్రీషియను చూశాకే. మునిగిన బండిని స్టార్టు చెయ్యకండి, ఇంజనులోకి నీళ్ళు లాక్కుని పూర్తిగా పాడవుతుంది. బండికి థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. మీ పాలసీ ఏదో ఈరోజే తీసి చూడండి.

మనుషులు

హుద్‌హుద్ అప్పుడు మా రెండో అంతస్తులో ఒక ముసలి దంపతులుండేవారు. పిల్లలిద్దరూ అమెరికాలో. వాళ్ళు ఫోను చేస్తూనే ఉన్నారట, ఇక్కడ మోగలేదు. తల్లిదండ్రులు క్షేమంగా ఉన్నారో లేదో తెలియకుండా మూడు రోజులు గడిపారు. అందుకని ప్రతి కుటుంబానికి ఊరవతల ఒక మనిషిని అనుకోమంటాను. మీది విశాఖ అయితే తిరుపతిలోనో హైదరాబాదులోనో ఉన్న మేనమామ, పిన్ని, ఎవరైనా సరే. ఏదైనా జరిగితే అందరూ ఆ ఒక్కరికే కబురు పెట్టాలి, విదేశాల్లో పిల్లలు ఆ ఒక్కరికే ఫోను చెయ్యాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు మాట వెళ్ళకపోయినా ఎస్సెమ్మెస్ వెళుతుంది. ఆ నంబరు పిల్లల చేత కంఠతా పట్టించండి. దాని కింద 112, కరెంటుకి 1912, గ్యాసు లీకుకి 1906 రాసి బీరువా తలుపు లోపల అంటించండి.

మీ ఇంట్లో పనిచేసే ఆమె గురించి కూడా ఆలోచించండి. ఏ రోజు సరుకు ఆ రోజు కొనుక్కునే ఇంటికి పది రోజులు ముందు నడవమని చెప్పడం కుదరదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే ఆ నెల జీతం చేతిలో పెట్టండి. బియ్యం, పప్పు ఒక వారానికి ఇచ్చి పంపండి. రేకుల కింద ఉండేవాళ్ళయితే ఆ రాత్రికి మీ హాల్లో చోటు చూపండి. మా సంఘం వాచ్‌మన్ కుటుంబానికి మెట్ల కింద స్లాబు గది కట్టించింది. అందుకు రెండేళ్ళు పోట్లాడాల్సి వచ్చింది.

ఇక సర్దుకున్నవి ఎప్పుడు చూసుకోవాలి? బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో, మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి చూసుకుంటే రెండు కాలాలకీ సరిపోతుంది. 2014లో విజయదశమి అక్టోబరు 3న వచ్చింది, తుపాను తొమ్మిది రోజులకి వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ నాడు పీటల మీద స్క్రూడ్రైవర్లూ సుత్తీ మాత్రమే ఉండవు. టార్చి, రేడియో, పవర్‌బ్యాంకు, మందుల డబ్బా, కాగితాల సంచి కూడా పెడతాం. బొట్టు పెట్టే ముందు ఒక్కొక్కటీ వేసి చూస్తాం. సెల్లుల మీద మార్కరుతో తేదీ రాస్తాం, గ్యాసు రబ్బరు గొట్టం ఐదేళ్ళు దాటిందేమో చూస్తాం. అన్నిటికన్నా ముందు బొట్టు చేంతాడుకి. కిందటేడు చూస్తే మధ్యలో పీచు లేచింది, మార్చాం. ఈసారి ఇరవై గజాలది కొన్నాం, అయిదో అంతస్తు వాళ్ళ బాల్కనీ దాకా అందాలని.